శత్రువు ఇంటి రౌటర్

జావాలోని సాలతిగా ఊళ్ళో పర్జిమాన్ తాత ఇంటికి వెళ్ళినవాళ్ళు చల్లటి నీళ్ళు తాగాలంటే ముందు ఒక ఉత్తరం చదవాలి. అది ఫ్రిజ్ తలుపుకు నాలుగు అయస్కాంతాలతో అంటుకుని ఉంటుంది. "మీరు పెట్టిన పిట్ట పాట హాజీ బసిరున్ గారి సొత్తు. అందుకే తీసేశాం. మళ్ళీ ఇలా చేస్తే మీ ఖాతా మూసేస్తాం" అని మూడు వరుసలు. వీడియోల సైటు వాళ్ళు ఫోనుకు పంపిన ముక్క అది. తాత జిరాక్స్ షాపుకు వెళ్ళి పెద్దక్షరాల్లో అచ్చు తీయించుకొచ్చాడు. లసియెం అవ్వ రెండుసార్లు చింపి పొయ్యిలో పెట్టింది. రెండుసార్లూ తాత మళ్ళీ తీయించాడు. మూడోసారి లామినేషన్ చేయించాడు.

"అన్నం ముందు బిస్మిల్లా అనాలయ్యా, ఈ ఉత్తరం కాదు చదవాల్సింది," అంది అవ్వ.

"బిస్మిల్లా మనసులో అంటా. దీన్ని కళ్ళతో చదువుతా. రెండూ వేరే వేరే లైన్లు," అన్నాడు తాత.

ముప్ఫై ఒక్క ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో వైర్లు కలిపిన మనిషి మరి. ఏ మాటా లైను లేకుండా మాట్లాడడు. కోపం పెరిగేకొద్దీ ఆ వీధిలో అందరికీ మాట మెత్తబడుతుంది. తాతకైతే వెన్న కారుతుంది. ఆ ఉత్తరం వచ్చిన రోజు నుంచి ఆయన ఎంత మెత్తగా మాట్లాడుతున్నాడంటే, కూరగాయల బండివాడు "పెద్దాయనకు ఒంట్లో బాగా లేదా?" అని అవ్వను చాటుగా అడిగాడు.

ఆ మంట వయసు ముప్ఫై ఏళ్ళ పైమాట. 1991లో తాత దగ్గర ఒక మురాయ్ పిట్ట ఉండేది. నల్లటి వీపు, ఇటుక రంగు పొట్ట, మూరెడు తోక. పేరు మేగా. అది పాడితే పక్కవీధి వాళ్ళు కూడా సైకిల్ ఆపి వినేవాళ్ళు. తాత దాన్ని గుడ్డు నుంచి పెంచాడు, తానే పాట నేర్పాడు. ఎదురింటి కుళాయి చప్పుడు, మసీదు మైకు గరగర, పకోడీల బండి గంట, అన్నీ కలిపి పాడేది. అది పాడుతుంటే టేప్ రికార్డర్ పెట్టి ఒక గంట క్యాసెట్ నింపాడు.

బసిరున్ అప్పటికి ఇంకా హాజీ కాదు. ఇరవై నాలుగేళ్ళవాడు, దర్జీ దగ్గర గుండీలు కుట్టేవాడు. రోజూ సాయంత్రం వచ్చి పంజరం కింద గొంతుక్కూర్చునేవాడు. అవ్వ వేయించిన అరటిపళ్ళ పళ్ళెం ఖాళీ చేసేవాడు. బతిమాలి బతిమాలి మేగా పిల్ల ఒకటి తీసుకెళ్ళాడు. దానికి పాట నేర్పాలని క్యాసెట్ కూడా వారం రోజులకు అడిగి తీసుకెళ్ళాడు, కాపీ చేసుకుని తెచ్చిచ్చాడు. అంతవరకూ ఎవరికీ ఏ బాధా లేదు.

ఇప్పుడాయన హాజీ బసిరున్. వీధి మొదట్లో పెద్ద పక్షుల దుకాణం. దాని మీద బ్యానర్: "మా నాన్నగారి కాలం నుంచి మా వంశపు మురాయ్". పిట్టల పాటల పోటీల్లో ఆయన వంశపు పిట్టను గుర్తుపట్టడానికి ఒక ఆనవాలు ఉంది. పొడవాటి ఈల మధ్యలో పుటుక్కున తెగి, ఒక్క లిప్త ఆగి, ఇంకో స్వరంలో అందుకుంటుంది. దాన్ని జావా అంతా 'హాజీ విరుపు' అంటారు. ఆ విరుపు కోసం దూరపు ఊళ్ళ నుంచి కూడా మనుషులు వచ్చి వరస కడతారు. బసిరున్ నాన్న బతికినన్నాళ్ళూ బాతులు తప్ప ఏం పెంచలేదని తాతకు తెలుసు. ఆ విరుపు మేగా గొంతులో ఏనాడూ లేదనీ తెలుసు. అయినా ఊరుకున్నాడు. పోయిన ఏడాది మేగా పాట ఒక ఐదు నిమిషాలు సరదాగా సైటులో పెడితే, అప్పటికే అదే పాట అక్కడ పెట్టుకున్న బసిరున్ అది తనదేనని ఫిర్యాదు చేశాడు. ఉత్తరం వచ్చింది. తన పిట్ట పాటకు తానే దొంగయ్యాడు తాత.

"పరాయి వాళ్ళ ఇంట్లో పెడితే కదా గెంటేశారు," అన్నాడు తాత, వెన్నలాంటి గొంతుతో. "మన ఇంట్లోనే పెడతా. ఎవడు గెంటుతాడో చూస్తా."

అలా మొదలైంది సర్వర్ వ్యవహారం. మనవరాలు పారేసిన లాప్‌టాప్ ఒకటి అటక మీద ఉంది, తెర పగిలినది. దాన్ని దింపి ఫ్రిజ్ మీద, సరిగ్గా ఉత్తరానికి పైన పెట్టాడు. పాత పెట్టెలోంచి మేగా క్యాసెట్ తీశాడు. దాని అట్ట డబ్బాను ఎలుకలు కొరికేశాయి గానీ టేపు నిక్షేపంగా ఉంది. టేప్ రికార్డర్‌కు వైరు తగిలించి గంట పాటనూ లాప్‌టాప్‌లోకి ఎక్కించాడు. పద్నాలుగో నిమిషం దగ్గర ఆగి, వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాడు. మళ్ళీ విన్నాడు. ఆ రోజు అన్నంలోకి కూర లేదని కూడా గమనించలేదు.

తర్వాత రౌటర్. కళ్ళజోడు మీద భూతద్దం పెట్టుకుని, ఫోనులో ఎవరెవరో రాసినవన్నీ చదివి, రౌటర్ లోపలి పేజీ తెరిచాడు. రౌటర్ అంటే ఆయనకు చిన్న ఎక్స్ఛేంజీ బోర్డు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా లాప్‌టాప్ నంబరు మారిపోతోంది. ముందు దానికి ఒకే నంబరు ఖాయం చేశాడు. ఆ తర్వాత, బయటి నుంచి 8080 అనే తలుపు తట్టినవాళ్ళను నేరుగా ఆ లాప్‌టాప్ దగ్గరికి పంపమని రౌటర్‌కు చెప్పాడు. మూడు రోజులు పట్టింది. రెండుసార్లు ఇంటి వైఫై చచ్చిపోయి అవ్వ సీరియల్ ఆగిపోయింది.

"నీ పగ నా సీరియల్ మీద పడిందేంటయ్యా?"

"ఇంకొక్క గంటే లసియెం."

"పొద్దున్నా ఒక గంటే అన్నావు. ఆ హీరోయిన్‌కు ఈ పాటికి కాన్పు కూడా అయిపోయుంటుంది."

నాలుగో రోజు తాత వసారాలో కూర్చుని ఫోనులో తన ఇంటి అడ్రసు కొట్టాడు. మేగా పాడింది! ముప్ఫై ఏళ్ళ కింద చచ్చిపోయిన పిట్ట, ఫ్రిజ్ మీది నుంచి ఫోనులోకి వచ్చి పాడింది. తాత వెళ్ళి పడగ్గదిలో విన్నాడు. బాత్రూంలో విన్నాడు. పెరట్లో కోళ్ళగూడు దగ్గర విన్నాడు. అన్ని చోట్లా పాడింది. ఇక పనైపోయిందనుకున్నాడు.

సర్వర్ పెట్టుకున్న ప్రతివాడూ ఒకసారి పడే గోతిలో తాతా పడ్డాడు. ఇంటి వైఫైలోనే నించుని ఇల్లంతా తిరిగి చూసుకున్నాడు తప్ప, గుమ్మం దాటి బయట నించుని చూసుకోలేదు.

ఆదివారం పొద్దున పోటీ. రేకుల షెడ్డు కింద మురాయ్ పంజరాలు వరసలుగా వేలాడుతున్నాయి. కంచె అవతల యజమానులు తమ పిట్టల్ని ఎగదోస్తూ గొంతులు చించుకుంటున్నారు. విరామంలో తాత జేబులోంచి చీటీలు తీసి పంచాడు. "ఇది కొట్టి చూడండి. మీరు ఎప్పుడూ విననిది ఒకటి వినిపిస్తా," అన్నాడు. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. ముప్ఫై మంది ఫోన్లు తీశారు. ముప్ఫై తెరల మీదా చక్రం తిరిగింది. తిరిగింది, తిరిగింది, ఆగిపోయింది.

బసిరున్ కూడా చీటీ తీసుకుని కొట్టి చూశాడు. తెల్లటి టోపీ సర్దుకుంటూ దగ్గరికొచ్చాడు.

"అన్నా, మీ పిట్ట ఇంకా గూట్లోంచి బయటికి రాలేదల్లే ఉందే? సిగ్గు పడుతోందా?"

ముప్ఫై మంది నవ్వారు. తాత కూడా నవ్వాడు. "కాస్త పెద్ద వయసు కదా హాజీ గారూ, మెల్లగా వస్తుంది," అన్నాడు. అంత మెత్తగా అన్నాడంటే లోపల ఏం కాలుతోందో అవ్వకు మాత్రమే తెలుసు.

ఇంటికొచ్చి చొక్కా కూడా విప్పకుండా రౌటర్ ముందు కూర్చున్నాడు. తన రౌటర్‌కు బయటి లైను ఇచ్చిన నంబరు ఏదో అందులో చూశాడు. పదితో మొదలవుతోంది, అంటే లోపలివాళ్ళకిచ్చే నంబరు. ఫోనులో ఇంకో చోట చూస్తే ప్రపంచానికి కనబడే నంబరు పూర్తిగా వేరు. తాత నెత్తి కొట్టుకుంటూ నవ్వడం మొదలుపెట్టాడు.

"ఏమైంది?" అంది అవ్వ, చేతిలో అట్లకాడతో వచ్చి.

"మనది ఇల్లు కాదు లసియెం, ఎక్స్‌టెన్షన్. ఆఫీసులో ఒక బయటి లైను, లోపల నలభై ఫోన్లు ఉండేవి చూడు, అదీ సంగతి. బయటివాడు ఫోన్ చేస్తే బోర్డు దగ్గర మనిషి కలపాలి. కలపకపోతే మన గంట మోగదు. మన తలుపు నేను తీశాను. కానీ మన తలుపు బయట ఇంకో తలుపుంది."

"ఆ బోర్డు ఎవరింట్లో ఉంది?"

తాత చెప్పనక్కర్లేదు. వీధిలో నలభై ఇళ్ళకూ వైఫై పంచేది ఎవరో అవ్వకూ తెలుసు. పెద్ద లైను ఒకటి కొని, దుకాణం వెనక గదిలో రౌటర్ పెట్టి, మేడ మీది నుంచి ఇంటింటికీ వైరు లాగింది హాజీ బసిరునే.

అవ్వ అట్లకాడ కింద పెట్టి కొంగు నోట్లో కుక్కుకుంది. "అంటే వాడి పరువు తీయడానికి వాణ్ణే తలుపు తీయమని అడగాలా?"

"అవును. వాడి చేత్తోనే," అన్నాడు తాత. ఈ మాట అనేటప్పటికి ఆయన ముఖం చిన్నపిల్లాడికి తాయిలం దొరికినట్టుంది. "వాడి చేత్తోనే తీయించాలి."

ఆ వీధిలో నెలకోసారి, ఆదివారం మధ్యాహ్నం అందరూ ఒక ఇంట్లో చేరతారు. చాపలు పరుస్తారు. ఎవరైనా ఏదైనా అడగాలంటే ముందు తినడానికి పెట్టి, తర్వాత అడుగుతారు. అందరి ముందూ తిన్నాక కాదనడం ఉండదు. అడిగిందీ ఒప్పుకున్నదీ వీధి పెద్ద తన పుస్తకంలో రాసేస్తుంది. ఆ నెల వంతు తాతది కాదు. బతిమాలి మార్పించుకున్నాడు.

అప్పటికి ఇంకో పని కూడా చేశాడు. మేగాతో పాటు పెట్టెలో ఇంకా నలభై క్యాసెట్లున్నాయి. వీధి పెళ్ళిళ్ళు, గామెలాన్ వాద్యాల సాధన, మసీదు కట్టినప్పటి ప్రసంగాలు, చనిపోయిన ఎంతోమంది గొంతులు. అవన్నీ లాప్‌టాప్‌లోకి ఎక్కించాడు. మేగా టేపును అన్నిటికన్నా అడుగున, '1991 పెరడు' అనే పేరుతో పెట్టాడు.

చాపల మీద అరవై మంది. అవ్వ రెండు బుట్టల అరటిపళ్ళు వేయించింది. బసిరున్ ఆరు తిన్నాడు, అవ్వ లెక్కపెట్టింది. ఏడోది చేతిలో ఉండగా తాత లేచి, చేతులు రెండూ ముందు కట్టుకుని, రాజుల దగ్గర మాట్లాడేంత పెద్ద భాషలో మొదలుపెట్టాడు.

"హాజీ గారూ, తమరి దయ వల్ల మా అందరి ఇళ్ళలో వైఫై వెలుగుతోంది. మన వీధి పాత గొంతులన్నీ నా దగ్గరున్నాయి. పొట్టకోసం జకార్తా వెళ్ళినవాళ్ళు, మలేషియా వెళ్ళినవాళ్ళు కూడా వినేలా, తమరి రౌటర్‌లో నా ఇంటికి ఒక్క చిన్న తలుపు తెరిపిస్తే..."

వీధి పెద్ద వార్సినీ ముందుకు వంగింది. "మా అమ్మ గొంతుందా అందులో?"

"ఉందమ్మా. నీ ఉయ్యాల రోజున పాడిన పాట."

వార్సినీ కళ్ళు తుడుచుకుంది. పక్కనున్న ముగ్గురాడవాళ్ళు కూడా. బసిరున్ తినడం ఆపి అనుమానంగా చూశాడు.

"అన్నా, ఆ పాత మురాయ్ క్యాసెట్ కూడా ఉందా?"

"అదా? దాన్ని ఎలుకలు కొరికాయి బసిరున్," అన్నాడు తాత విచారంగా. అవ్వకు దగ్గు తెర వచ్చి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

బసిరున్ ముఖం విచ్చుకుంది. ఏడో అరటిపండు నోట్లో వేసుకున్నాడు. "దానికేం భాగ్యం అన్నా! ఇప్పుడే తీస్తాను." ఫోను తీసి, తన రౌటర్ తెరిచి, తాత చెప్పిన నంబర్లు తాత ముందే, అందరి ముందే, సొంత వేళ్ళతో కొట్టాడు. వార్సినీ పుస్తకంలో రాసుకుంది: 'వీధి గొంతుల కోసం హాజీ గారు తలుపు తెరిచారు.' అందరూ చప్పట్లు కొట్టారు. హాజీ గారు గుండె మీద చెయ్యి పెట్టుకుని తల వంచాడు.

ఈసారి తాత వైఫై ఆపేసి, బస్సెక్కి, రెండు స్టాపుల అవతల దిగి, ఫోను డేటా మీద పెట్టి విన్నాడు. పాడింది.

మరుసటి పోటీలో విరామం వేళ మైకు దగ్గరున్న మనిషికి ఒక చీటీ ఇచ్చాడు తాత. "పాత పిట్ట పాట. అందరూ వింటారు, కాస్త వేయండి." ఆయన ఫోనును మైకుకు ఆనించాడు.

మేగా మొదలుపెట్టింది. కంచె దగ్గర గోల తగ్గింది. ఎవరో "ఇది హాజీ గారి పాటే," అన్నారు. బసిరున్ ముందువరసలో తృప్తిగా తల ఊపాడు, రెండు క్షణాలు. తర్వాత టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

పద్నాలుగో నిమిషం వచ్చింది. పొడవాటి ఈల ఎత్తుకుంది మేగా. విరుపు కోసం అందరూ చెవులు రిక్కించారు. విరగలేదు. ఈల తెగకుండా సాగుతూనే ఉంది, దాని కిందుగా ఒక ఆడమనిషి కేక వినిపించింది.

"ఒరే బసిరున్! చెప్పులు బయట విడవమని ఎన్నిసార్లు చెప్పాలి రా! ఆ పళ్ళెం మా ఆయనకి పెట్టింది, మొత్తం మింగావా?"

నోటి నిండా ఏదో పెట్టుకుని ఒక కుర్రగొంతు: "ఇంకోటి వేయించు వదినా. అన్నా, మేగా పిల్ల ఒక్కటివ్వవూ? మా ఇంట్లో బాతులు తప్ప ఏం లేవు. నీ కాళ్ళు పట్టుకుంటా. ఎక్కడికెళ్ళినా ఇది పర్జిమాన్ అన్న పిట్ట బిడ్డ అనే చెబుతా. ఒట్టు!"

ఆ మాటలన్నిటి మీదుగా మేగా ఈల పూర్తి చేసి, చివర చిన్న గమకం వేసింది.

ముందుగా అర్థమైంది ఒక ముసలి జడ్జీకి. "అంటే... ఈ టేపు కాపీ తీసేటప్పుడు మాటలు వచ్చిన చోట బొత్తాం నొక్కి ఆపాడా? మాటలు అయ్యాక మళ్ళీ వదిలాడా? ఆ తెగిన చోటేనా పిట్టలు నేర్చుకుంది, మనం ఇన్నేళ్ళూ మార్కులు వేసింది?"

అదే సమయానికి, పాట విని ఉషారెక్కిన హాజీ వంశపు పిట్ట ఒకటి పై వరసలో పొడుగ్గా ఈల ఎత్తుకుని పుటుక్కున విరిచింది. ఎవరో కిసుక్కుమన్నారు. దాన్ని చూసి ఇంకోటి విరిచింది. ఇంకోటి. పిట్ట విరిచినప్పుడల్లా "బొత్తాం నొక్కాడ్రోయ్!" అని కంచె అంతా అరిచింది. సాయంత్రం దాకా పాపం ఆ పిట్టలు పాడుతూనే ఉన్నాయి, జనం నవ్వుతూనే ఉన్నారు.

బసిరున్ తాత దగ్గరికొచ్చాడు. ఆయన మాట కూడా వెన్నలా ఉంది.

"ఎలుకలు కొరికాయన్నావన్నా."

"కొరికాయి బసిరున్. అట్ట డబ్బా. టేపు కాదు."

చాపల మీద అందరి ముందు అన్న ఎలుకల మాటలో కొంత అబద్ధం ఉందని అవ్వ తేల్చింది. దానికి పరిహారంగా తాత మరుసటి సోమవారం ఒక రోజు ఉపవాసం ఉన్నాడు. ఆకలే వేయలేదన్నాడు.

బసిరున్ ఆ తలుపును ఒక్క పూట మూశాడు. మూసిన గంటకు వార్సినీ, ఇంకో నలుగురాడవాళ్ళు పళ్ళెంలో మిఠాయి పట్టుకుని ఆయన గుమ్మంలో నిలబడ్డారు. "హాజీ గారూ, మా అమ్మ గొంతు ఆగిపోయింది. మీ ఒంట్లో కులాసాయేనా?" పుస్తకం కూడా చంకలో ఉంది. తలుపు మళ్ళీ తెరుచుకుంది.

వానలు మొదలయ్యాక పిడుగు పడి బసిరున్ రౌటర్ కాలిపోయింది. కొత్తది పెట్టాడు. "పాతవన్నీ పోయాయన్నా, ఆ నంబర్లేవో నాకు గుర్తు లేదు," అన్నాడు కళ్ళు దించుకుని. తాత అప్పటికే నంబర్లు రాసిన చీటీ, చిన్న బ్యాటరీ, పిడుగును ఆపే ప్లగ్గు సంచీలో పెట్టుకుని గుమ్మంలో ఉన్నాడు. దుకాణం వెనక గదిలో చాప మీద కూర్చుని, ఫ్రిజ్ మీది పిట్టకు మళ్ళీ దారి వేశాడు. ఇంటికొచ్చిన పెద్దమనిషికి కాఫీ ఇవ్వకుండా పంపడం ఆ ఊళ్ళో కుదరదు. బసిరున్ తన చేత్తో కలిపిచ్చాడు. తాత ఆఖరి చుక్క దాకా తాగాడు.

అప్పటి నుంచి ప్రతి శుక్రవారం నమాజు అయ్యాక తాత ఆ గదికి వెళ్తాడు. రౌటర్ మీది దుమ్ము ఊదుతాడు. వైరు చుట్టూ చీమలు చేరితే పసుపు చల్లుతాడు. వేడెక్కుతోందని కింద రెండు ఇటుక ముక్కలు పెట్టాడు. కన్నకొడుక్కి జ్వరమొచ్చినప్పుడు కూడా ఇంత చూసుకోలేదని అవ్వ ఒట్టేసి చెబుతుంది.

"స్నేహంగా ఉన్నప్పుడైనా వాళ్ళింటికి ఇన్నిసార్లు వెళ్ళావా?"

"నా పగ వాళ్ళింట్లో ఉంది లసియెం. చూసుకోకపోతే ఎలా?"

ఐదో శుక్రవారం బసిరున్ కాఫీ ముందు పెట్టి, చాలాసేపు గ్లాసు మూత తిప్పుతూ కూర్చున్నాడు.

"ఎప్పటికి వదులుతావన్నా?"

తాత ఊదుకుంటూ తాగాడు. "నువ్వు వేసిన ఒట్టు ఏదో ఉంది కదా, పద్నాలుగో నిమిషంలో."

రెండు రోజులకు దుకాణం మీది బ్యానర్ దిగింది. సైటులో బసిరున్ పెట్టిన పాట కింద కొత్త వరుస వచ్చింది: 'ఇది పర్జిమాన్ గారి మేగా పాట. మా పిట్టలన్నీ దాని బిడ్డలే.' తాత జిరాక్స్ షాపుకు వెళ్ళి దాన్ని పెద్దక్షరాల్లో తీయించి, లామినేషన్ చేయించాడు. శుక్రవారం నాడు పట్టుకెళ్ళి బసిరున్ రౌటర్ పైన గోడకు, కళ్ళకు ఎదురుగా అంటించి, నాలుగు మూలలా వేలితో నొక్కి, కాఫీ కోసం కూర్చున్నాడు.

ఇంటికొచ్చాక అవ్వ ఫ్రిజ్ ముందు నిలబడి ఉంది. మొదటి అయస్కాంతం అప్పటికే తీసింది.

"ఇంక దీన్ని తీసేద్దామా?"

తాత ఆ అయస్కాంతం ఆమె చేతిలోంచి మెల్లగా తీసుకుని, ఉన్న చోటే పెట్టాడు.

"ఉండనీ. వాడి గోడ మీద నాది ఎన్నాళ్ళుంటుందో, నా ఫ్రిజ్ మీద వాడిదీ అన్నాళ్ళుంటుంది. మంచినీళ్ళు ఇవ్వు."